షష్టిపూర్తి వీడియో ఇంట్లోనే ఎడిట్ చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. అమ్మానాన్నల షష్టిపూర్తికి ఫొటోగ్రాఫర్‌ని ఫొటోల వరకే మాట్లాడుకున్నారు. వీడియో అంతా చుట్టాల ఫోన్లలోనే ఉంది. నలుగురి దగ్గర్నుంచి పోగుచేస్తే 140 క్లిప్పులు, దాదాపు మూడున్నర గంటలు తేలాయి. ఇంట్లో 8 జీబీ ర్యామ్ ఉన్న పాత విండోస్ 10 ల్యాప్‌టాప్ ఉంది. ఎడిటింగ్ ఎప్పుడూ చేయలేదు. టీవీలో అందరూ చూసేలా, డల్లాస్‌లో ఉన్న అక్కకి పంపేలా ఒక వీడియో కావాలి. ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి, డబ్బు పెట్టి కొనాలా, పాత మూవీ మేకర్ ఇంకా దొరుకుతుందా అని అడిగారు.

నేను పదకొండేళ్ళు తెనాలిలో ఒక స్టూడియోలో పెళ్ళి వీడియోల మిక్సింగ్ చేశాను. అప్పట్లో మా ఊళ్ళో ఎడిటింగ్ అనేవాళ్ళు కాదు, మిక్సింగ్ అనే అనేవాళ్ళు. గంట మినీ డీవీ టేపు కంప్యూటర్‌లోకి ఎక్కడానికి కచ్చితంగా గంట పట్టేది, హార్డ్ డిస్క్‌లో 13 జీబీ తినేసేది. ఇప్పుడా బాధ లేదు. కానీ మూడున్నర గంటల సరుకులోంచి చూడదగ్గ పది నిమిషాలు తీయడం మాత్రం అప్పుడెంత కష్టమో ఇప్పుడూ అంతే. అందుకే సాఫ్ట్‌వేర్ సంగతి త్వరగా తేల్చేసి అసలు పనికి వస్తాను.

మూవీ మేకర్ ఆశ వదులుకోండి. 2000లో విండోస్ ఎంఈతో వచ్చిన ఆ ప్రోగ్రామ్‌ డౌన్‌లోడ్‌ని మైక్రోసాఫ్ట్ 2017 జనవరిలో ఆపేసింది. అదే ఏడాది చివర్లో ఆ పేరుతో ఒక నకిలీ సైటు బయల్దేరింది. పని అంతా చేసుకుని సేవ్ నొక్కితే డబ్బు కట్టమని అడిగేది. ఎవరైనా లింకు పంపినా నొక్కకండి.

మీ ల్యాప్‌టాప్‌కి షాట్‌కట్ సరిపోతుంది. ఉచితం, ఓపెన్ సోర్స్, వీడియో మీద వాటర్‌మార్క్ (కంపెనీ పేరు ముద్ర) వేయదు. షాట్‌కట్ డాట్ ఆర్గ్ నుంచే దించుకోండి. కెడెన్‌లైవ్ కూడా ఇంచుమించు ఇంతే మంచిది. రెండింటి లోపలా ఉన్న ఇంజిన్ ఒకటే, ఎంఎల్‌టీ. యూట్యూబ్‌లో ఎవరిని అడిగినా డావిన్చి రిజాల్వ్ అంటారు. ఉచిత వెర్షన్ కూడా నిజంగా గొప్పదే, కానీ దానికి 16 జీబీ ర్యామ్, మంచి గ్రాఫిక్స్ కార్డ్ ఉండాలి. మీ ల్యాప్‌టాప్ మీద పెడితే ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ వినపడదు. క్లిప్‌చాంప్‌ని మైక్రోసాఫ్ట్ 2021లో కొని విండోస్ 11లో కలిపేసింది. మూడు నిమిషాల వీడియోకి హాయిగా ఉంటుంది గానీ ఇన్ని క్లిప్పుల మధ్య నాకైతే విసుగొస్తుంది. ఇంట్లో మ్యాక్ ఉంటే ఈ చర్చే అక్కర్లేదు, ఐమూవీ అందులోనే ఉంటుంది. ఏదైనా కొనాలా అంటే, ఈ పనికి రూపాయి కూడా పెట్టొద్దు. ఫిల్మోరా లాంటివి ట్రయల్ పేరుతో అన్నీ చేయనిచ్చి, చివర్లో వాటర్‌మార్క్ ముద్ర కొడతాయి.

ఇక అసలు పని. షాట్‌కట్ ఇన్‌స్టాల్ చేసి పక్కన పెట్టండి, మొదటి రెండు రోజులు దాన్ని తెరవొద్దు.

ముందు క్లిప్పులన్నీ ల్యాప్‌టాప్‌లో ఒకే ఫోల్డర్‌లోకి రావాలి. అందులో ఫోన్‌కో ఫోల్డర్ చేసి "బాబాయి ఫోన్", "పిన్ని ఫోన్" అని పేర్లు పెట్టండి. ఫోన్‌ని కేబుల్‌తో తగిలించి అక్కడి నుంచే నేరుగా ఎడిట్ చేయబోకండి, కాపీ చేసుకోండి. వాట్సాప్‌లో మామూలు వీడియోగా వచ్చిన క్లిప్పులు ఉంటే వాటి ఒరిజినల్స్ మళ్ళీ అడగండి. వాట్సాప్ వీడియోని బాగా కుదించేస్తుంది, ఫోన్‌లో బాగానే కనిపించి టీవీలో బూజరగా తేలుతుంది. పైగా దాని మీద ఉండేది తీసిన సమయం కాదు, మీకు చేరిన సమయం. నాలుగు ఫోన్ల క్లిప్పుల్ని వరసలో పేర్చేటప్పుడు ఆ సమయమే మీకు దిక్కు. ఒరిజినల్ అడిగితే "డాక్యుమెంట్‌గా పంపు బాబాయ్" అని చెప్పండి, అలా పంపితే కుదించదు.

ఈ ఫోల్డర్‌ని ఒకచోట పెట్టాక ఇక కదపొద్దు, పేరు మార్చొద్దు. ఎందుకో నా సొంత అనుభవం చెప్తాను. స్టూడియోలో చేరిన కొత్తలో ఒక పార్టీకి, అంటే వీడియో చేయించుకున్నవాళ్ళకి, ఇంట్లో చూపిస్తానని ప్రాజెక్ట్ ఫైల్‌ని పెన్ డ్రైవ్‌లో వేసుకుని వెళ్ళాను. కొన్ని కేబీల ఫైల్ అది. పెళ్ళివారంతా సోఫాల్లో సర్దుకుని కూర్చున్నారు, తెరిస్తే ఒక్క క్లిప్ లేదు, అన్నీ ఖాళీ డబ్బాలే. ప్రాజెక్ట్ ఫైల్‌లో వీడియో ఉండదు. ఏ ఫైల్ ఎక్కడుంది, ఎక్కడి నుంచి ఎక్కడిదాకా వాడాలి అన్న రాత మాత్రమే ఉంటుంది. ఫైల్ కదిలితే రాతకి అర్థం పోతుంది. వాళ్ళు ఇచ్చిన కాఫీ తాగి తిరిగొచ్చాను.

తర్వాత ఒక నోట్‌బుక్, పెన్ను తీసుకుని క్లిప్పులన్నీ ఒక్కసారి చూడండి. మూడున్నర గంటలు పడుతుంది, దగ్గరి దారి లేదు. ప్రతి క్లిప్‌కీ ఒక్క ముక్క రాయండి: "0042, హోమం, పొగ, నాన్న కళ్ళు తుడుచుకున్నారు, బాగుంది." "0043, నేల." ఫోన్ కిందికి దించి ఆపడం మర్చిపోయిన క్లిప్పులు మీకు కనీసం పది తగులుతాయి. బాగున్నవాటికి చుక్క పెట్టండి, తప్పకుండా ఉండాల్సినవాటికి రెండు చుక్కలు. నా లెక్కలో రెండు చుక్కలవి ముప్ఫై దాటకూడదు. గణపతి పూజ, హోమం, కలశాలతో స్నానం, మళ్ళీ తాళి కట్టడం, తలంబ్రాలు, అక్షతలు, భోజనాలు అన్నీ కలిపి పన్నెండు నిమిషాలు చాలు. ఇప్పుడు నమ్మరు గానీ, పన్నెండో నిమిషంలో హాల్లో ఎంతమంది ఫోన్లు చూసుకుంటున్నారో లెక్కపెట్టండి.

ఇప్పుడు షాట్‌కట్ తెరవండి. కొత్త ప్రాజెక్ట్‌కి పేరు పెట్టే చోటే "వీడియో మోడ్" ఉంటుంది. అది ఆటోమేటిక్‌లో ఉంటుంది, అలా వదిలేస్తే మీరు మొదట వేసిన క్లిప్‌ని బట్టి ప్రాజెక్ట్ సైజు తయారవుతుంది. ఆ మొదటి క్లిప్ ఫోన్ నిలువుగా పట్టుకుని తీసిందైతే మొత్తం వీడియో నిలువుగా తయారవుతుంది. ముందే హెచ్‌డీ 1080పీ, 30 ఫ్రేమ్‌లు ఎంచుకోండి.

ల్యాప్‌టాప్ పాతది కాబట్టి సెట్టింగ్స్‌లో రెండు మార్పులు చేయాలి. "ప్రాక్సీ" ఆన్ చేస్తే పెద్ద క్లిప్పులకి చిన్న నకళ్ళు తయారుచేసుకుని ఎడిటింగ్ అంతా వాటితో నడిపిస్తుంది, చివర్లో ఎక్స్‌పోర్ట్, అంటే పూర్తయిన వీడియో ఫైల్, మాత్రం ఒరిజినల్ నుంచే తీస్తుంది. "ప్రివ్యూ స్కేలింగ్" 360పీకి తగ్గించండి. ఈ రెండూ లేకుండా 4కే క్లిప్ వేస్తే బొమ్మ ఆగి ఆగి నడుస్తుంది, మీరు కంప్యూటర్‌ని తిట్టుకుంటారు. కొన్ని క్లిప్పులు వేయగానే "ఎడిట్‌కి అనువుగా మార్చమంటారా" అని అడుగుతుంది. ఫోన్లు ఫ్రేమ్‌లని సమానమైన వేగంతో తీయవు, వెలుతురుని బట్టి హెచ్చుతగ్గులవుతాయి. చిన్న ముక్కలకి తేడా తెలియదు. కానీ పావుగంట నిడివి క్లిప్‌లో చివరికొచ్చేసరికి పెదాలకీ మాటకీ పొంతన తప్పవచ్చు. పొడవాటి క్లిప్పులకి మాత్రం సరే అనండి. మార్చిన ఫైల్ ఒరిజినల్ కంటే చాలా పెద్దదవుతుంది, డిస్క్‌లో చోటు చూసుకోండి.

నేర్చుకోవలసిన మీటలు ఐదే. క్లిప్‌ని పైన ప్లేయర్‌లో తెరిచి, మొదలుకి "ఐ", చివరకి "ఓ" నొక్కి, "ఏ" నొక్కితే ఆ ముక్క కింద టైమ్‌లైన్ (ముక్కలు వరసగా పేరే పట్టీ) చివర్లో చేరుతుంది. టైమ్‌లైన్‌లో ఉన్నదాన్ని కోయడానికి "ఎస్". ఎంచుకున్న ముక్క తీసేసి ఖాళీ మూసుకునేలా చేయడానికి "ఎక్స్". వీటికి తోడు, పొరపాటైతే కంట్రోల్ జెడ్. షాట్‌కట్ తెరిచిన మొదటి రోజంతా ఇదే చేయండి: రెండు చుక్కల క్లిప్పులు వరసగా పేర్చండి, కోయండి, తిప్పి చూడండి. ఎఫెక్టుల జోలికి వెళ్ళొద్దు. మా రోజుల్లో బొమ్మ మీద గులాబీ రేకులు రాల్చకపోతే, హృదయం ఆకారంలో పెళ్ళికూతురు తిరక్కపోతే పార్టీ డబ్బులు ఇచ్చేది కాదు, కాబట్టి వేశాం. మీకు ఆ బలవంతం లేదు. ఒక ముక్క నుంచి ఇంకో ముక్కకి నేరుగా కోత చాలు. ఒక ఘట్టం అయిపోయి ఇంకోటి మొదలయ్యే చోట మాత్రం కొంచెం ఫేడ్ (బొమ్మ మెల్లగా మాయమవడం) పెట్టుకోండి.

ధ్వని దగ్గర కొంచెం ఆగుతాను, కొత్తవాళ్ళ వీడియో చూడగానే కొత్తవాళ్ళదని పట్టించేది ఇదే. సన్నాయి మేళం ఆగకుండా మోగుతూ ఉంటుంది, మీరు ఐదేసి సెకన్ల ముక్కలు పేరుస్తారు. ప్రతి కోత దగ్గరా పాట తెగి వేరే చోటికి దూకుతుంది. కంటికి ఆ కోత తెలియకపోయినా చెవికి గుచ్చుకుంటుంది. అందుకని ఒక్కో ఘట్టానికి ఒకే ఫోన్ ధ్వనిని తెగకుండా ఉంచి, దాని మీద మిగతా ఫోన్ల బొమ్మలు అతికించండి.

తాళి కట్టే ఘట్టమే తీసుకోండి. ముగ్గురు తీసి ఉంటారు. అందులో మేళానికి దూరంగా, పంతులుగారికి దగ్గరగా ఉన్న ఫోన్ ఏదో వెతకండి, మంత్రం స్పష్టంగా వినపడేది. ఆ క్లిప్ మొత్తం, కోయకుండా, టైమ్‌లైన్‌లో అడుగు ట్రాక్‌లో, అంటే అడుగు వరసలో, వేయండి. దాని పైన రెండో వీడియో ట్రాక్ చేర్చి, ఆ ట్రాక్ ధ్వని స్పీకర్ గుర్తు నొక్కి ఆపేయండి. ఇప్పుడు పై ట్రాక్‌లో అమ్మ మొహం, అక్షతలు పట్టుకున్న చేతులు, కన్నీళ్ళు తుడుచుకుంటున్న అత్తయ్య, ఏది వేసినా అది కనిపిస్తుంది, కింది మంత్రం మాత్రం తెగకుండా సాగుతుంది. పై ముక్క అయిపోగానే మళ్ళీ కింది బొమ్మ వస్తుంది.

రెండు ఫోన్లలో ఒకే క్షణాన్ని కలపాలంటే గట్టిమేళాన్ని వాడుకోండి. సినిమావాళ్ళు క్లాప్ కొట్టేది ఇందుకే కదా, మనకి ఆ పని డోలు చేసిపెడుతుంది. టైమ్‌లైన్‌లో ధ్వని గీతల్లా కనిపిస్తుంది. గట్టిమేళం అందుకున్న చోట గీతలు ఒక్కసారిగా పైకి లేస్తాయి. రెండు క్లిప్పుల్లోనూ ఆ లేచిన చోటుని ఒకదాని కింద ఒకటి పెడితే బొమ్మలు కలిసిపోతాయి.

ఒక జాగ్రత్త. అడుగు ట్రాక్ పని పూర్తిగా అయ్యాకే పై ట్రాక్ మొదలుపెట్టండి. పైన అన్నీ అతికించాక కింద ఒక ముక్క "ఎక్స్" నొక్కి తీసేస్తే, కింది క్లిప్పులన్నీ ముందుకు జరుగుతాయి, పైవి ఉన్నచోటే ఉండిపోతాయి. తాళి కట్టే మంత్రానికి భోజనాల బొమ్మ వస్తుంది. తప్పదనుకుంటే "రిపుల్ ఆల్ ట్రాక్స్" ఆన్ చేసి తీయండి.

శబ్దం స్థాయి చూడటానికి "ఆడియో పీక్ మీటర్" తెరిచి ఉంచుకోండి. మాటలు -12 నుంచి -6 డెసిబెల్స్ మధ్య ఆడితే మంచిది, ఎక్కడా సున్నాని తాకకూడదు. తగ్గించడానికి, పెంచడానికి "గెయిన్ / వాల్యూమ్" ఫిల్టర్ ఉంది. డోలు పక్కనే నిలబడి తీసిన క్లిప్‌లో ధ్వని రికార్డింగ్‌లోనే పగిలిపోయి ఉంటుంది, దాన్ని తగ్గించినా పగుళ్ళు పోవు. దాని బొమ్మ వాడుకుని ధ్వని పారేయండి.

వెనకాల సంగీతం పెట్టాలని ఉంటుంది, తెలుసు. మొత్తానికి పెట్టొద్దు. భోజనాల దగ్గర, చివర్లో ఫొటోలు తిప్పే దగ్గర పెట్టండి. మాట ఉన్న చోట పాటని -20 కంటే కిందకి దించండి. నాన్నగారి మాట మీద సినిమా పాట పెట్టిన వీడియోలు నేను వందలు చేశాను, పార్టీ అడిగింది కాబట్టి. అందులో కొందరు పెద్దవాళ్ళు ఇప్పుడు లేరు. వాళ్ళ పిల్లలు ఫోన్ చేసి "అన్నా, పాట తీసేసి నాన్న గొంతు మాత్రం ఇవ్వగలవా" అని అడుగుతారు. రష్, అంటే కోయని అసలు వీడియో, ఎప్పుడో చెరిపేశాం, ఎక్కడి నుంచి ఇవ్వను?

నిలువు క్లిప్పులకి రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తాయి. "బ్లర్ ప్యాడ్" అనే ఫిల్టర్ వేస్తే పట్టీల చోట అదే బొమ్మ మసకగా పరుచుకుంటుంది. వీడియో పొడుగునా పది చోట్ల వస్తే మాత్రం అదీ బాగోదు.

తెలుగు అక్షరాల దగ్గర చాలామంది ఇరుక్కుంటారు. పెళ్ళికార్డులు చేసేవాళ్ళ దగ్గర్నుంచి అను ఫాంట్ తెచ్చి ఇక్కడ పెడితే పిచ్చి గుర్తులు పడతాయి, అవి యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకీ ఒకటే అయిన అక్షరాల పద్ధతి) కావు. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మండలి, ఎన్‌టీఆర్, గురజాడ లాంటి మంచి తెలుగు యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా ఉన్నాయి. పెద్ద శీర్షికకి రామభద్ర దిట్టంగా ఉంటుంది. షాట్‌కట్‌లో "టెక్స్ట్ రిచ్" ఫిల్టర్‌లో తెలుగు రాసుకోవచ్చు. కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఒత్తులు ఊడిపోయి "షష్టి" కాస్తా "షష్‌టి"గా విడిపోతుంది. ప్రీమియర్ ప్రోలోనూ ఈ తలనొప్పి ఉంది, అందులో టెక్స్ట్ ఇంజిన్‌ని దక్షిణాసియా లిపులకి మార్చాలి. ఎక్కడైనా పనిచేసే ఉపాయం ఒకటి చెప్తాను: శీర్షికని ఇంక్‌స్కేప్ అనే ఉచిత బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో రాసి, వెనక రంగు లేకుండా పీఎన్‌జీ బొమ్మగా సేవ్ చేసి, పై ట్రాక్‌లో వేయండి. బొమ్మకి ఒత్తులు ఊడవు. అక్షరాలు పెద్దగా, ఐదు సెకన్లు నిలిచేలా పెట్టండి. నాన్నగారు కళ్ళజోడు వెతుక్కునేలోపు మాయమవకూడదు.

ఎక్స్‌పోర్ట్‌కి ముందు ఒక అరనిమిషం ముక్క మాత్రం తీసి, పెన్ డ్రైవ్‌లో వేసి మీ టీవీలో ఆడించి చూడండి. ఫైల్ ఎంపీ4, బొమ్మ హెచ్.264, ధ్వని ఏఏసీ పద్ధతుల్లో ఉంటే ఇంచుమించు ఏ టీవీ అయినా చదువుతుంది. హెచ్.265 ఎంచుకుంటే ఫైల్ చిన్నదవుతుంది గానీ పాత టీవీలు మొరాయిస్తాయి. సైజు లెక్క తేలికే: 1080పీకి సెకనుకి 8 మెగాబిట్లు, అంటే 1 ఎంబీ, పెట్టుకుంటే నిమిషానికి 60 ఎంబీ, పన్నెండు నిమిషాలకి 720 ఎంబీ. మీ ల్యాప్‌టాప్‌లో ఎక్స్‌పోర్ట్‌కి వీడియో నిడివికి కొన్ని రెట్ల సమయం పట్టొచ్చు. ఛార్జర్ తగిలించి, స్లీప్ మోడ్ ఆపి, పడుకోబోయే ముందు మొదలుపెట్టండి. స్లీప్ ఆపడం మర్చిపోతే పొద్దున లేచేసరికి 14 శాతం దగ్గరే ఉంటుంది.

అక్కకి వాట్సాప్‌లో పంపాలంటే డాక్యుమెంట్‌గా పంపండి, 2 జీబీ దాకా వెళ్తుంది. యూట్యూబ్‌లో "అన్‌లిస్టెడ్"గా (లింకు ఉన్నవాళ్ళకే కనపడేలా) పెట్టి లింకు ఇవ్వడం ఇంకా సుఖం, అక్క టీవీలోనే చూసుకోవచ్చు. సినిమా పాట వాడి ఉంటే యూట్యూబ్ పసిగడుతుంది. చాలాసార్లు యాడ్‌లు వేసి వదిలేస్తుంది, కొన్నిసార్లు వీడియోనే ఆపేస్తుంది. ఆ టెన్షన్ వద్దనుకుంటే యూట్యూబ్ ఆడియో లైబ్రరీలో ఉచిత సంగీతం ఉంది.

చివరగా చుట్టాల సంగతి. పన్నెండు నిమిషాల వీడియో చూశాక ఎవరో ఒకరు "మావాళ్ళెవరూ కనపడలేదేం" అంటారు, తప్పదు. దానికి మేం స్టూడియోలో చేసిన పని చెప్తాను. అక్షతలు వేసి ఆశీర్వదించే వరస మొత్తాన్ని, కోయకుండా, రెండో వీడియోగా విడిగా తీసిపెట్టండి. మెరుగులు అక్కర్లేదు, ప్రతి మొహం ఉంటే చాలు. నలభై నిమిషాలైనా పర్వాలేదు. మొదటిది అందరూ ఒకసారి చూస్తారు. రెండోదాన్ని అమ్మ మధ్యాహ్నాలు ఒక్కతే పెట్టుకుని, ఎవరు ఏ చీర కట్టుకొచ్చారో ఆపి ఆపి చూసుకుంటుంది.